ఫిట్స్ జాడ చెప్పిన నోటుబుక్కు

హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్ పక్కన లాడ్ బజారు ఉంది. లక్క గాజులకు ఆ బజారు పేరు పొందింది. ఆ గాజులు ఎన్నో చుట్టుపక్కల గల్లీల్లో, ఇళ్లలోనే తయారవుతాయి. బొగ్గుల పొయ్యి మీద లక్కను మెత్తబరుస్తారు. గాజులాగా వంచుతారు. దాని మీద ఒక్కొక్క రాయి పొదుగుతారు.

అలాంటి గల్లీలో ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో ఒక తల్లి ఉంది. ఆమె గాజులకు రాళ్లు పొదుగుతుంది. ఆమెకు 15 ఏళ్ల బిడ్డ ఉంది. బడి నుంచి వచ్చాక బిడ్డ కూడా తల్లి పక్కన కూర్చుంటుంది.

ఒక సాయంత్రం బిడ్డ చేతిలోని గాజు జారి కింద పడింది. తల్లి పిలిచింది. బిడ్డ పలకలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. కానీ చూపు ఎటో ఉంది. ఏదో నములుతున్నట్టు నోరు కదులుతోంది. కుడి చెయ్యి చున్నీ అంచును పట్టి పట్టి లాగుతోంది. రెండు నిమిషాలకు బిడ్డ తేరుకుంది.

"ఏమైంది బిడ్డా? ఎందుకు పలకలే?" అని తల్లి అడిగింది.

"నువ్వు పిలిచినవా అమ్మా? నాకు తెల్వదు" అంది బిడ్డ.

నానమ్మ భయపడింది. "పిల్లకు గాలి సోకింది. తాయత్తు కట్టిద్దాం" అంది. తాయత్తు కట్టించారు. కానీ పది రోజులకు మళ్లీ అలాగే అయింది. బడిలో టీచరు కూడా తల్లిని పిలిపించింది. "మీ అమ్మాయి పాఠం మధ్యలో ఎటో చూస్తూ ఉండిపోతుంది. పిలిచినా పలకదు" అని చెప్పింది.

మరో రోజు బిడ్డ పొయ్యి దగ్గర కూర్చుంది. అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎడమ చెయ్యి బిగుసుకుని పొయ్యి అంచుకు తగిలింది. చెయ్యి కాలింది. కాలుతున్నట్టు ఆ పిల్లకు తెలియనే లేదు.

తల్లి ఏడ్చింది. దవాఖానకు పోదాం అంది. తండ్రి తటపటాయించాడు. "పెండ్లి కావలసిన పిల్ల. నలుగురికి తెలిస్తే ఎట్ల?" అన్నాడు.

అప్పుడు పక్కింటి ఖాలా వచ్చింది. చెయ్యి చూసింది. "మా తమ్ముని కొడుకుకు గిట్లనే అయితుండె. మేము దాన్ని మిర్గీ అంటం. మీరు ఫిట్స్ అంటరు. పెండ్లి సంగతి తర్వాత చూస్కుందురు. ఈసారి చెయ్యి కాలింది. రేపు పిల్లే పొయ్యిల పడితే ఏం చేస్తరు?" అంది.

తండ్రి మారుమాట్లాడలేదు. తెల్లారి ముగ్గురూ బయలుదేరారు.

ఇవి కూడా ఫిట్సేనా?

ఫిట్స్ అంటే మనకు ఒకటే గుర్తుకు వస్తుంది. మనిషి కింద పడిపోతాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాడు. నోటి నుంచి నురగ వస్తుంది. అది ఒక రకం. కానీ ఫిట్స్ చాలా రకాలు.

కొందరు పడిపోరు. కొట్టుకోరు. చూస్తూ ఉండిపోతారు. నోరు నములుతారు. బట్టలు సవరిస్తూ ఉంటారు. కొందరికి లేని వాసన వస్తుంది. కొందరికి కడుపులోంచి ఏదో పైకి వచ్చినట్టు ఉంటుంది. ఉన్నట్టుండి భయం వేస్తుంది. కొందరు చిన్నపిల్లలు సంతోషం లేకుండానే నవ్వుతారు. కొందరు నిద్రలో సైకిలు తొక్కినట్టు కాళ్లు ఆడిస్తారు.

ఇవి చూస్తే ఫిట్స్ అనిపించదు. అందుకే ఇంట్లోవాళ్లు గాలి అంటారు, దయ్యం అంటారు. బడిలో సోమరితనం అంటారు. ఏళ్లు గడిచిపోతాయి. వైద్యం అందదు.

ఫిట్స్ గాలి వల్ల రావు. శాపం వల్ల రావు. మెదడులో నుంచి వస్తాయి. ఒకరి నుంచి ఒకరికి అంటుకోవు.

మెదడులో ఏం జరుగుతుంది?

పాతబస్తీ బజార్లు మీకు తెలిసినవే. గాజులు కావాలంటే లాడ్ బజారుకు పోతారు. బట్టలు, ముత్యాలు కావాలంటే పత్తర్‌గట్టీకి పోతారు. కూరగాయలకు మీరాలం మండీకి పోతారు. పెళ్లి పత్రికలకు ఛత్తా బజారుకు పోతారు. ఒక్కో చోట ఒక్కో పని.

మెదడు కూడా అంతే. ఒక చోటు చేతిని కదిలిస్తుంది. ఒక చోటు మాట్లాడిస్తుంది. ఒక చోటు వాసన చెబుతుంది. ఒక చోటు జ్ఞాపకాలు దాస్తుంది. ఒక్కో చోట ఒక్కో పని.

మెదడులో కోట్ల కణాలు ఉంటాయి. అవి చాలా చిన్న కరెంటుతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఎక్కడైనా దెబ్బ తగిలి మచ్చ పడితే ఆ చోట కరెంటు అదుపు తప్పవచ్చు. అప్పుడు ఫిట్స్ వస్తాయి.

గొడవ ఒక్క బజారులోనే ఉంటే ఆ బజారు పనే చెడుతుంది. వాసన చోట గొడవ అయితే లేని వాసన వస్తుంది. చేతి చోట అయితే చెయ్యి కొట్టుకుంటుంది. గొడవ ఊరంతా పాకితే మనిషి పడిపోతాడు. ఒళ్లంతా కొట్టుకుంటుంది.

కొన్ని ఫిట్స్ మెదడంతా ఒక్కసారే మొదలవుతాయి. కొన్ని ఒక్క చోటే మొదలవుతాయి. ఒక్క చోటే మొదలయ్యేవాటికి ఆ చోటు ఎక్కడో కనిపెట్టవచ్చు.

ఫిట్స్ ఎలా మొదలైంది అన్నది చాలా ముఖ్యం. మొదట ఏం కదిలిందో తెలిస్తే, గొడవ ఎక్కడ పుట్టిందో ఊహించవచ్చు. ఈ సంగతిని 19వ శతాబ్దంలో లండన్‌లో జాక్సన్ అనే డాక్టరు బాగా గమనించాడు. కొందరికి ఫిట్స్ ఒక వేలిలో మొదలవుతుంది. తర్వాత చేతికి, ముఖానికి పాకుతుంది. అలా పాకే వరుసను బట్టి మెదడులో ఏ పని ఎక్కడ జరుగుతుందో ఆయన చెప్పాడు. అప్పటికి మెదడును ఫోటో తీసే మిషన్లు లేవు. కంటితో చూడటమే పరీక్ష.

కంటితో చూసేది ఎవరు? ఫిట్స్ వచ్చినప్పుడు డాక్టరు పక్కన ఉండడు. అమ్మ ఉంటుంది. అక్క ఉంటుంది. టీచరు ఉంటుంది.

తల్లి నోటుబుక్కు

బస్తీ దవాఖాన డాక్టరు బిడ్డను చూసింది. పెద్దాసుపత్రికి చీటీ రాసి ఇచ్చింది. అక్కడ నరాల డాక్టరమ్మ చాలా ప్రశ్నలు అడిగింది.

"మొదట ఏం చేస్తుంది? ఏ చెయ్యి బిగుస్తుంది? ఎంతసేపు ఉంటుంది? తేరుకున్నాక మాట వెంటనే వస్తుందా?"

తల్లికి కొన్ని తెలుసు. కొన్ని తెలియవు. "కంగారులో చూడలేదు డాక్టరమ్మా" అంది.

"ఫరవాలేదమ్మా. ఈసారి నుంచి చూడండి. చూసింది రాయండి. మీకు రాయడం వచ్చా?" అని అడిగింది డాక్టరమ్మ.

తల్లి చిన్నప్పుడు బడికి పోలేదు. కానీ బస్తీలోని వయోజన విద్యా కేంద్రంలో ఏడాది చదువుకుంది. "వస్తది. కూడబలుక్కుని రాస్తా" అంది.

ఇంటికి వెళ్తూ ఒక నోటుబుక్కు కొంది. గోడ గడియారం కింద మేకుకు వేలాడదీసింది. పెన్సిలు కట్టింది. రాయడం మొదలుపెట్టింది.

"సోమవారం. సాయంత్రం 6 గంటలు. అమ్మా భయమైతుంది అన్నది. కడుపుల నుంచి పైకి వచ్చినట్టు అయింది అన్నది. తర్వాత పలకలేదు. నోరు నమిలింది. కుడి చెయ్యి చున్నీ లాగింది. ఎడమ చెయ్యి బిగిసింది. 2 నిమిషాలు. వెంటనే మాట్లాడింది."

"శుక్రవారం. పొద్దున 7 గంటలు. మళ్లీ అట్లనే. ఎడమ చెయ్యి బిగిసింది. రాత్రి నిద్ర లేదు. నిన్న మాత్ర మరిచిపోయినం."

రాస్తూ ఉంటే తల్లికి ఒక సంగతి తెలిసింది. ప్రతిసారీ ఎడమ చెయ్యే బిగుస్తోంది. ఇంతకుముందు ఆమె ఆ చేతిని గమనించనే లేదు. నిద్ర తక్కువైతే, మాత్ర మరిచిపోతే ఫిట్స్ వస్తున్నాయని కూడా తెలిసింది.

డాక్టరమ్మ ఆ నోటుబుక్కు శ్రద్ధగా చదివింది. "అమ్మా, మీరు రాసింది చాలా పనికొచ్చింది. మెదడు కుడి సగం ఒంటి ఎడమ వైపును నడిపిస్తుంది. ఎడమ సగం కుడి వైపును నడిపిస్తుంది. మీ బిడ్డకు ఎప్పుడూ ఎడమ చెయ్యే బిగుస్తోంది. కాబట్టి గొడవ మెదడు కుడి వైపున ఉండవచ్చు. భయం, కడుపులోంచి రావడం, నోరు నమలడం చూస్తే కణత లోపలి భాగం కావచ్చు. ఇక పరీక్షలతో సరిచూద్దాం" అంది.

చోటు వెతికే పరీక్షలు

ఇ.ఇ.జి.: తల మీద చిన్న చిన్న బిళ్లలు అంటిస్తారు. వాటికి సన్నని తీగలు ఉంటాయి. మెదడులోని కరెంటు గీతలుగా కనిపిస్తుంది. ఈ పరీక్షలో తలకు షాక్ ఇవ్వరు. నొప్పి ఉండదు. మనిషి మెదడు కరెంటును మొదటిసారి గీతలుగా రాసినవాడు జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్. అది 1924లో జరిగింది. 1929లో ఆయన దాన్ని లోకానికి చెప్పాడు.

పరీక్ష చేసే సమయంలో ఫిట్స్ లేకపోతే గీతలు మామూలుగా ఉండవచ్చు. అంతమాత్రాన జబ్బు లేదని కాదు.

ఎం.ఆర్.ఐ.: ఇది పెద్ద అయస్కాంతంతో మెదడు బొమ్మ తీసే మిషను. మచ్చ, గడ్డ, కుచించుకుపోయిన చోటు కనబడతాయి. లోపల పెద్ద చప్పుడు వస్తుంది. కదలకుండా పడుకోవాలి. గాజులు, పుస్తెలు, పిన్నులు తీసి వెళ్లాలి. ఒంట్లో ఏదైనా లోహపు ముక్క గానీ, మిషను గానీ ఉంటే ముందే చెప్పాలి.

వీడియో ఇ.ఇ.జి.: మనిషిని కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచుతారు. తలకు తీగలు ఉంటాయి. ఎదురుగా కెమెరా ఉంటుంది. ఫిట్స్ వచ్చినప్పుడు ఒళ్లు ఏం చేసిందో కెమెరా చూపుతుంది. అదే క్షణంలో మెదడు ఏం చేసిందో గీతలు చూపుతాయి. రెండూ కలిపి చూస్తే చోటు తెలుస్తుంది.

ఈ పరీక్షతో ఇంకొక మేలు ఉంది. కొందరికి మనసులోని బాధ వల్ల ఫిట్స్ లాంటివి వస్తాయి. అప్పుడు మెదడు గీతలు మామూలుగానే ఉంటాయి. అది నటన కాదు. అది కూడా నిజమైన బాధే. కానీ దానికి ఫిట్స్ మాత్రలు పనిచేయవు. మనసు డాక్టరు వైద్యం కావాలి.

బిడ్డకు ఎం.ఆర్.ఐ. తీశారు. కుడి కణత లోపల జ్ఞాపకాలు దాచే చిన్న భాగం కుచించుకుపోయి ఉంది. డాక్టరమ్మ తల్లిని అడిగింది. "చిన్నప్పుడు ఎప్పుడైనా జ్వరంలో ఫిట్స్ వచ్చాయా?"

తల్లికి గుర్తుకొచ్చింది. "తొమ్మిది నెలల పిల్లగా ఉన్నప్పుడు వచ్చినై. చాలాసేపు ఆగలేదు" అంది.

జ్వరంలో ఫిట్స్ వచ్చిన పిల్లల్లో చాలామందికి తర్వాత ఏమీ కాదు. కానీ చాలాసేపు ఆగకుండా వస్తే కొందరి మెదడులో ఇలా మచ్చ మిగలవచ్చు. అందుకే 5 నిమిషాలు దాటితే ఆగకూడదు. ఆసుపత్రికి పరుగెత్తాలి.

మొదటి వైద్యం మాత్రలే

లోకంలో సుమారు 5 కోట్ల మందికి ఫిట్స్ జబ్బు ఉంది. సరైన వైద్యం దొరికితే 10 మందిలో 7 మంది ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మాత్రలు రోజూ వేసుకోవాలి. ఒకే వేళకు వేసుకోవాలి. ఫిట్స్ ఆగాయి కదా అని మానకూడదు. ఒక్కసారిగా మానితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. ప్రాణం మీదికి రావచ్చు. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఆడవాళ్లు ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు. పెళ్లి కావలసిన పిల్లకైనా, పిల్లలు కావాలనుకునే తల్లికైనా ఆ మందు రాస్తే డాక్టరును అడగండి. వేరే మందు ఉందేమో చూస్తారు. కానీ మీ అంతట మీరు ఆపకండి. కడుపుతో ఉన్నప్పుడు ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ముప్పే.

ఆపరేషను ఎవరికి?

బిడ్డకు ఒక మందు ఇచ్చారు. ఫిట్స్ తగ్గాయి. ఆగలేదు. రెండో మందు కలిపారు. అయినా ఆగలేదు. నోటుబుక్కులో నెలకు నాలుగైదు ఉన్నాయి. మాత్ర మరిచిపోయిన రోజు ఒక్కటీ లేదు.

సరైన రెండు మందులు, సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే ఆపరేషను గురించి అడగాలి. ఏళ్ల తరబడి ఊరికే మందులు మారుస్తూ కూర్చోకూడదు.

అయితే ఆపరేషను అందరికీ పనికిరాదు. ఫిట్స్ ఒక్క చోటే పుట్టాలి. ఆ చోటు తీస్తే మాట, చెయ్యి, చూపు, జ్ఞాపకం పెద్దగా చెడకూడదు. అందుకే ముందుగా జ్ఞాపకశక్తి పరీక్షలు, మాట పరీక్షలు చేస్తారు. పైనుంచి చోటు సరిగా తెలియకపోతే మెదడు లోపలికి సన్నని తీగలు పెట్టి చూస్తారు.

ఈ వైద్యం నిన్న మొన్నటిది కాదు. కెనడా దేశంలో మాంట్రియల్ అనే ఊరు ఉంది. అక్కడ పెన్‌ఫీల్డ్ అనే డాక్టరు 1934లో మెదడు వైద్యానికి ఒక పెద్ద సంస్థ పెట్టాడు. మెదడుకు నొప్పి తెలియదు. అందుకని ఆయన రోగి మెలకువగా ఉండగానే మెదడును చిన్న కరెంటుతో తాకేవాడు. రోగి తనకేమైందో చెప్పేవాడు. అలా ఫిట్స్ పుట్టే చోటు వెతికేవాడు.

మన దేశపు డాక్టరు జేకబ్ చాందీ అక్కడే నేర్చుకున్నాడు. 1949లో తమిళనాడులోని వేలూరు ఆసుపత్రిలో మెదడు ఆపరేషన్ల విభాగం మొదలుపెట్టాడు. 1952లో అక్కడ ఫిట్స్‌కు ఆపరేషను జరిగింది. తర్వాత 1995లో కేరళలోని తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ ఫిట్స్ ఆపరేషన్లు మొదలుపెట్టింది. ఇప్పుడు హైదరాబాదులోనే ఈ వైద్యం ఉంది. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్లు చేస్తారు.

ఆపరేషనుతో ఎంత మేలు? ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి డాక్టర్లు ఒక లెక్క తీశారు. అది 2017లో అచ్చయింది. మందులకు లొంగని ఫిట్స్ ఉన్న 116 మంది పిల్లలను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ఆపరేషను చేసి మందులు ఇచ్చారు. రెండో జట్టుకు మందులే ఇచ్చారు. ఏడాది తర్వాత చూశారు. ఆపరేషను జట్టులో నూటికి 77 మందికి ఫిట్స్ లేవు. మందుల జట్టులో నూటికి 7 మందికే లేవు.

కానీ ముప్పు కూడా ఉంది. ఆపరేషను అయిన కొందరికి చెయ్యి, కాలు బలహీనపడ్డాయి. రక్తం కారడం, చీము పట్టడం, జ్ఞాపకం తగ్గడం, చూపులో కొంత మూల తగ్గడం జరగవచ్చు. అందుకే సంతకం పెట్టే ముందు కాగితం చదవండి. అర్థం కానిది అడగండి. అడగడం మీ హక్కు.

ఆ ఇంట్లో కూడా రాత్రంతా మాట్లాడుకున్నారు. నానమ్మ వద్దంది. "తలకాయ కోస్తరా?" అని ఏడ్చింది. తండ్రి ఎటూ చెప్పలేకపోయాడు. చివరికి తల్లి బిడ్డనే అడిగింది.

"నేను ఒక్కదాన్ని బడికి పోవాలె అమ్మా. ఇప్పుడు నువ్వు నన్ను బావి కాడికి కూడా పోనిస్తలేవు" అంది బిడ్డ.

తల్లి మర్నాడు కాగితం చదివింది. తెలియని మాటలు డాక్టరమ్మను అడిగింది. ఇంతకుముందు ఆమె వేలిముద్ర వేసేది. ఈసారి సంతకం పెట్టింది.

ఆపరేషను అయింది. వారం పది రోజులకు ఇంటికి వచ్చారు. మాత్రలు మానలేదు. నోటుబుక్కు మేకుకు అలాగే ఉంది. మొదటి నెల ఖాళీ. రెండో నెల ఖాళీ. ఆరు నెలలు ఖాళీ. తల్లి మాత్రం రోజూ తేదీ వేస్తూనే ఉంది. ఆపరేషను తర్వాత కూడా కొందరికి ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పేదాకా మాత్రలు వాడాలి.

పెళ్లి సంగతి

ఫిట్స్ ఉన్నవాళ్లు చదువుకోవచ్చు. పని చేయవచ్చు. పెళ్లి చేసుకోవచ్చు. పిల్లల్ని కనవచ్చు. ఒకప్పుడు హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టం ఫిట్స్‌ను పెళ్లికి అడ్డుగా చెప్పేవి. 1999లో ఆ మాటను తీసేశారు. దాచిపెట్టి పెళ్లి చేస్తే అత్తగారింట్లో పిల్ల దొంగచాటుగా మాత్రలు వేసుకోవాలి. భయంతో మానేస్తుంది. ఫిట్స్ మళ్లీ వస్తాయి. చెప్పి చేయడమే మేలు.

మరి కొన్ని వింత ఫిట్స్

వేడినీళ్ల ఫిట్స్: ఇవి దక్షిణ భారతదేశంలో, ముఖ్యంగా కర్ణాటకలో ఎక్కువ. బాగా వేడిగా ఉన్న నీళ్లు చెంబుతో తల మీద గబగబా పోసుకుంటే వస్తాయి. తలంటు రోజున పిల్లలు అలా అయితే దిష్టి అనుకోకండి. గోరువెచ్చని నీళ్లు వాడండి. స్నానాల గది గొళ్లెం పెట్టనీయకండి. డాక్టరుకు చూపించండి.

నవ్వు ఫిట్స్: పిల్లవాడు కారణం లేకుండా, మాటిమాటికీ ఒకే తీరున నవ్వుతాడు. కళ్లలో సంతోషం ఉండదు. మెదడు అడుగు భాగంలో పుట్టుకతో ఉన్న చిన్న గడ్డ వల్ల ఇలా రావచ్చు. అది క్యాన్సర్ కాదు. ఎం.ఆర్.ఐ.లో కనబడుతుంది. దానికి వైద్యం ఉంది.

రాకుండా చూసుకోవచ్చా?

కొన్నింటిని రాకుండా చేయవచ్చు. మన దేశంలో ఫిట్స్‌కు ఒక ముఖ్య కారణం బద్దెపురుగు. ఈ పురుగు ఉన్న మనిషి మలంలో దాని గుడ్లు ఉంటాయి. మురుగునీటితో, మురికి చేతులతో ఆ గుడ్లు ఆకుకూరలకు, తాగే నీళ్లకు చేరతాయి. మన కడుపులోకి వస్తాయి. రక్తంతో పాటు మెదడుకు చేరి పొక్కులాగా కూర్చుంటాయి. అందుకే పంది మాంసం ముట్టనివాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుంది. శాకాహారులకు కూడా వస్తుంది.

కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ వంటివి మంచినీళ్లతో బాగా కడగండి. దొడ్డికి వెళ్లి వచ్చాక, వంటకు ముందు చేతులు సబ్బుతో కడగండి. మరుగుదొడ్డి వాడండి. కాన్పు ఆసుపత్రిలోనే చేయించండి. బండి మీద హెల్మెట్ పెట్టించండి.

ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలి?

పడిపోయి కొట్టుకుంటుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తని గుడ్డ పెట్టండి. మెడ దగ్గర బట్ట వదులు చేయండి. గడియారం చూడండి.

చేతిలో తాళాలు పెట్టకండి. చెప్పు, ఉల్లిగడ్డ వాసన చూపకండి. పళ్ల మధ్య చెంచా పెట్టకండి. నీళ్లు తాగించకండి. గట్టిగా పట్టుకోకండి.

చూస్తూ ఉండిపోయే ఫిట్స్ అయితే పొయ్యి నుంచి, మెట్ల నుంచి, రోడ్డు నుంచి మెల్లగా పక్కకు తీసుకురండి. అరవకండి. పూర్తిగా తేరుకునే దాకా పక్కనే ఉండండి.

5 నిమిషాలు దాటినా, తేరుకోకుండా మళ్లీ మళ్లీ వచ్చినా, కడుపుతో ఉన్నా 108కి ఫోన్ చేయండి.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు మీ బస్తీ దవాఖానకు వెళ్లండి. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపుతారు. పెద్దవాళ్లకు ఉస్మానియా ఆసుపత్రి, పిల్లలకు నీలోఫర్ ఆసుపత్రి ఉన్నాయి. ఆపరేషను సలహా కోసం నిమ్స్ ఉంది. రేషన్ కార్డు, ఆధార్, పాత చీటీలు అన్నీ ఒక సంచిలో పెట్టుకోండి. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటరు దగ్గర ఆరోగ్యమిత్రను కలవండి. ఖర్చులో ఏది ఉచితమో అడగండి.

నోటుబుక్కులో ఇలా రాయండి

1. తేదీ, వేళ.
2. మొదట ఏం జరిగింది? బిడ్డ ఏం చెప్పింది?
3. ఏ చెయ్యి, ఏ కాలు కదిలింది? ఏది బిగిసింది?
4. కళ్లు, తల ఎటు తిరిగాయి?
5. ఎన్ని నిమిషాలు?
6. తేరుకున్నాక మాట వెంటనే వచ్చిందా?
7. నిద్ర సరిగా ఉందా? మాత్ర వేసుకుందా? జ్వరం ఉందా? నెలసరి రోజులా?

ఇంట్లో సెల్‌ఫోను ఉంటే ఇంకొకరిని వీడియో తీయమనండి. డాక్టరుకు చూపండి.

ఆలోచించండి, చెప్పండి

1. కింద పడకుండా, కొట్టుకోకుండా కూడా ఫిట్స్ వస్తాయా? ఎలా ఉంటాయి?
2. ఎడమ చెయ్యి బిగుస్తోందని తల్లి రాసింది. దాన్ని బట్టి డాక్టరమ్మ ఏం చెప్పింది?
3. ఫిట్స్ ఆగాయని మాత్రలు మానవచ్చా? ఎందుకు?
4. పంది మాంసం తిననివాళ్లకు బద్దెపురుగు జబ్బు ఎలా వస్తుంది?
5. మీ గల్లీలో ఎవరికైనా ఇలాంటి ఫిట్స్ ఉన్నాయా? వాళ్లింటికి వెళ్లి ఈ పాఠం చదివి వినిపించండి. ఒక నోటుబుక్కు పెట్టడం నేర్పండి.